ఒక్కడు తక్కువైండు

ఫసలీ 1347, దై నెల, మొదటి జుమ్మా. పొద్దున ఏడుంబావు. ఇప్పటివాళ్ల లెక్కలో 1937 నవంబరు, శుక్రవారం. ఆ గంటకు మా పెద్దబాపు కొట్టంలోకి వెళ్లి, వరసలో మూడో బర్రె తాడు విప్పి, దాన్ని యాకుత్‌పురా నుంచి ధూల్‌పేటకు నడిపించుకుని పోయాడు. సాయంత్రం ఆయన వెంట బర్రె తిరిగి రాలేదు. ఒక రైట్ వింగర్ వచ్చాడు.

గంట నేను ఊహించి చెప్పడం లేదు. ఏడింటి రైలు స్టేషన్ దాటాక పాలచెంబులు కడగడం నా పని. జుమ్మా కాబట్టి బడికి సెలవు. రెండో చెంబు కడుగుతున్నాను. నాకు పదేళ్లు.

ఇదంతా మొన్న మంగళవారం గుర్తుకొచ్చింది. మా మనవడు పేపరు చదువుతూ పకపకా నవ్వాడు. ఎక్కడో విదేశంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తన మేనేజరును సీజను నడుమ తీసేసిందట. తీసేసినందుకు మిగిలిన ఏళ్ల జీతమంతా చేతిలో పెట్టి మరీ పంపిందట. కొత్తగా వచ్చేవాడికి అంతకంటే ఎక్కువట.

"పని చెయ్యకు అని పైసలిస్తరా నానమ్మా? గింత పిచ్చోళ్లు గూడ ఉంటరా?" అన్నాడు.

"ఉంటరు," అన్నాను. "మా ఇంట్లనే ఒకాయన ఉండె."

పెద్దబాపు మా నాన్నకు అన్న. నాన్న పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. ఆనాటి నుంచి మాకు అన్నం పెట్టింది ఆయనే. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత నేను రాయబోయేదంతా ఆయన మీద కోపమే. కొట్టంలో తొమ్మిది బర్లు. ఏడు ఆయనవి, రెండు మా అమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్నవి. అమ్మ బర్లలో ఒకదాని పాలు మా బట్టలకూ మందులకూ పోయేవి. రెండోది నల్లముత్యం. దాని పాలపైసలు నా బడికి. పర్దా కట్టిన ఎడ్లబండి గల్లీ గల్లీ తిరిగి ఆడపిల్లల్ని బడికి తీసుకుపోయేది. బండికీ ఫీజుకూ కలిపి నెలకు నాలుగు నిజాం హాలీ రూపాయలు. నల్లముత్యం ఎన్నడూ ఆ నాలుగుకు తక్కువ చెయ్యలేదు.

ఆయనను తలుచుకుంటే ముందు కనపడేది నోట్లో గడ్డిపోచ. తాను నడిపే ఫుట్‌బాల్ టీము ఆట చూసేటప్పుడు కూర్చోడు. గోలు వెనకాల నిలబడి, ఆ పోచను ఈ దవడ నుంచి ఆ దవడకు మారుస్తూ, బంతి దగ్గరికొస్తే కుడికాలు తానే గాల్లోకి విసిరేవాడు. ఒకసారి అట్లా విసిరితే చెప్పు ఎగిరి ఎదుటి టీము గోల్‌కీపర్‌కు తగిలింది. లొల్లి అయింది. "బంతి ఆగలే గని చెప్పు ఆగింది, మంచి గోల్‌కీపరే," అని, మర్నాడు వాణ్ని మా టీముకు అడగడానికి మనిషిని పంపాడు.

ఆడేవాళ్లంతా మా గల్లీ పాలవాళ్ల కొడుకులు, స్టేషన్ కూలీలు, కంసాలి పనిలో ఉన్నవాళ్లు. జుమ్మా జుమ్మాకు ఆట. మొదటి ఏడాది మలక్‌పేట టీముతో ఓడిపోయారు. ఆ టీము పెద్ద, రేసు గుర్రాలకు దాణా వేసే కాంట్రాక్టరు. ఆట అయిపోయాక అందరూ వింటుండగా, "పాలోళ్ల టీము కదా, సగం నీళ్లే," అన్నాడట. పెద్దబాపు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పాలలో చుక్క నీళ్లు కలపని మనిషి ఆయన. చలికాలం చెంబు కడిగిన తడి కూడా బట్టతో తుడిచేవాడు.

"నా పాలల్ల లేవు నీళ్లు, నా టీంల ఎట్లుంటయి?" అని రెండు రోజులు గోడలకు చెప్పాడు. మూడో రోజు ఆ మాట పుట్టింది. నేను బతికినంత కాలం మరిచిపోలేని మాట.

"అంత మంచిగనే ఉన్నది. ఒక్కడు తక్కువైండు."

ఓడిన ప్రతిసారీ ఇదే. అయిదు గోల్స్ తిన్నా సరే ఒక్కడే తక్కువ.

ఆ ఒక్కణ్ని తేవడానికే మూడో బర్రె ధూల్‌పేటకు పోయింది. ఇక్కడ ఆనాటి పద్ధతి చెప్పాలి. ఆటగాణ్ని పైసలకు ఇచ్చాడంటే టీము పెద్దకు పరువు తక్కువ. నలుగురిలో తలెత్తుకోలేడు. అదే ఒక టీము పెద్ద ఇంకో టీము పెద్దకు పాలిచ్చే బర్రెను తోలి ఇస్తే, అది సోపతి. దానికి బదులుగా ఆయన ఒక ఆటగాణ్ని పంపితే అదీ సోపతే. రూపాయి చేతులు మారదు కాబట్టి పెద్దబాపు తాను ఏమీ ఖర్చు చెయ్యలేదని నిజంగా నమ్మాడు. ఇదే నన్ను ఈనాటికీ మండిస్తుంది.

"ఒక్క పైస వెట్టిన్నా? చెప్పు, నా జేబులకెళ్లి ఒక్క పైస పోయిందా?" అని పెద్దమ్మను దబాయించేవాడు.

"పైస పోలే," అనేది పెద్దమ్మ, తవుడు కలుపుతూ. "పైసలు పిండే పొదుగు పోయింది."

బర్రెను కొనడంలో ఆయనంత గట్టివాడు పాతబస్తీలో లేడు. మూడు పూటలు తన చేత్తో పాలు పిండి చూశాకే బేరం మాట్లాడేవాడు. ఒక్క పూట తక్కువైనా కదిలేవాడు కాదు. ఆటగాణ్ని తెచ్చుకోవడానికి మాత్రం ఒక్క పిక్క చూస్తే చాలు. వంగి, పిక్క మీద అరచేత్తో ఒక దెబ్బ కొట్టి, "పాలు తాగిన కాలు," అనేవాడు. అంతే, బేరం అయిపోయినట్టే. ధూల్‌పేట రైట్ వింగర్ పిక్క చూసే తెచ్చాడు. తర్వాత పొడుగు గోల్‌కీపర్ ఒకడు, చెప్పుదెబ్బ తిన్నవాడు. తర్వాత అన్నదమ్ములు ఇద్దరు. అన్నకు ఆట వచ్చు, తమ్ముడికి రాదు. తమ్ముడు లేకుండా అన్న రానన్నాడు. రెండు బర్లు పోయాయి. తమ్ముడు మూడేళ్లు గట్టు మీద కూర్చుని, రోజూ శేరు పాలు తాగి, చక్కగా లావయ్యాడు.

వచ్చినవాళ్లు వచ్చిన జుమ్మాకే గోలు కొట్టాలి. కొట్టకపోతే గడ్డిపోచ నమలడం ఆగిపోయేది. ఒకనాడు చెంబులు అందిస్తూ అడిగాను.

"పెద్దబాపూ, కొట్టం మారిన బర్రె వెంటనే పాలు చేపదు, వారం పది రోజులు దాన్ని ఏమనొద్దు అంటవ్ కద?"

"అంట. అయితే ఏంది?"

"మరి కొత్తగ వచ్చినాయనకు ఒక్క జుమ్మా గూడ ఇయ్యవేంది?"

ఆయన పొదుగు మీద చెయ్యి ఆపి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నేను చూశాను. తర్వాత, "బర్రెకు ఏడికొచ్చిందో తెల్వది బిడ్డా. మనిషికి తెలుస్తది," అన్నాడు. మళ్లీ పిండడం మొదలుపెట్టాడు. తనకు తెలిసిన ఒక్క విద్యను, ఇంకొక చోట వాడొచ్చని ఆయనకు ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు.

ఇక ఉస్తాదుల సంగతి. ఆట నేర్పేవాణ్ని ఉస్తాద్ అనేవాళ్లు. పెద్దబాపు చిన్నప్పుడు తాలీంలో కుస్తీ పట్టినవాడు. తాలీంలో ఉస్తాద్‌ను ఖాళీ చేతులతో పంపితే శిష్యులకు పాపం చుట్టుకుంటుందని అక్కడి నమ్మకం. ఆ పద్ధతి తెచ్చి ఫుట్‌బాలుకు తగిలించాడు. ఉస్తాద్‌ను తీసేసే రోజు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తలకు రుమాలు కట్టి, శాలువా కప్పి, పళ్లెంలో యాభై ఒక్క రూపాయలు పెట్టి, టీము మొత్తానికి దావత్ ఇవ్వాలి. దాన్ని రుఖ్సత్ అనేవాడు. శాలువాకు పన్నెండు, దావత్‌కు ఇరవై ఏడు. ఒక్క రుఖ్సత్‌కు మొత్తం తొంభై. తీసేసేదీ ఆయనే, వాటేసుకుని ఏడ్చేదీ ఆయనే.

మొదటి ఉస్తాద్ పల్టన్‌లో చేసి పెన్షన్ తీసుకున్న ముసలాయన. నెలకు పదిహేను రూపాయలు జీతం. నాలుగు నెలలు చేశాడు. అంటే పని చేసినందుకు అరవై, మానేసినందుకు తొంభై. ఈ లెక్క నేను బడిలో నాలుగో జమాత్‌లో ఉండగానే చేసి పెద్దమ్మకు చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

ఆయన స్థానంలో ఒక డ్రిల్లు మాస్టరు వచ్చాడు. విజిల్ ఊదడం తప్ప ఇంకేం చెయ్యలేదు. బర్లు ఆ విజిల్‌కు బెదిరి పాలు ఎగబట్టాయి. అయిదు నెలలకు ఆయనకూ కుర్చీ, రుమాలు, శాలువా. తర్వాత ఎవరు? మళ్లీ మొదటి ముసలాయనే. వాకిట్లో అడుగు పెడుతూనే అడిగాడు.

"సేఠ్, ఇస్ బార్ షాల్ జరా మోటీ దేనా. ఠండ్ ఆరీ."

ఈసారి శాలువా కాస్త మందంది ఇవ్వండి, చలి వస్తోంది అని. ఉద్యోగంలో చేరుతున్న మనిషి అడిగిన మొదటి మాట అది. అందరూ నవ్వారు. పెద్దబాపు అందరికంటే గట్టిగా నవ్వాడు. చలి ఇంకా పోకముందే ఆయనకు రెండో రుఖ్సత్ అయింది, శాలువా నిజంగానే మందంది. ఈ రుఖ్సత్‌లకు బర్లను సోపతి కింద ఇవ్వడం కుదరదు. అమ్మాల్సిందే. రెండు అమ్మాడు, ఒక్కోటి నూటపదికి. చాలనిది తవుడు దుకాణంలో బాకీ.

మూడో మనిషిని మాత్రం నేను మెచ్చుకుంటాను. తక్కువ మాట్లాడేవాడు. ఎనిమిది నెలలు ఉన్నాడు. ఆయన వచ్చాక టీము ఓడడం తగ్గింది. ఫసలీ 1351లో షీల్డు పోటీ ఆఖరి ఆటకు చేరింది. ఎదుట మళ్లీ మలక్‌పేట. ఆట ఇంకా వారం ఉందనగా, పెద్దబాపు ఆయనతో, "ఇంకొకన్ని తెస్తా," అన్నాడు.

"ఒద్దు సేఠ్. ఉన్నోళ్లు చాలు. ఉన్నోళ్లను కదపకుంటే చాలు."

"ఒక్కడు తక్కువైండు."

"ఎవ్వడు తక్కువలేడు సేఠ్. జర నా మాట వినండి."

మర్నాడు కుర్చీ వేశారు. నాలుగో రుఖ్సత్. ఆయన శాలువా కప్పించుకుని, పళ్లెం అందుకుని, ఏడవకుండా లేచి పోయాడు. వాకిలి దగ్గర నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఈ ఇంట్లో లెక్క తెలిసినవాళ్లు ఇద్దరమే అన్నట్టుంది ఆ ఊపు.

పెద్దబాపు తేవాలనుకున్నది మలక్‌పేట సెంటర్ ఫార్వర్డ్‌నే. వాళ్ల గోల్స్‌లో సగం వాడివే. ఆ అబ్బాయి ఎవరో మా గల్లీలో అందరికీ తెలుసు. యాకుత్‌పురా స్టేషన్‌లో సిగ్నల్ దీపాలు వెలిగించే కొలువు. ఆదివారాలు చర్చికి పోయేవాడు. ఇల్లు మా వెనక గల్లీ. అందరూ దీపాలాయన అనే పిలిచేవాళ్లు. రెండేళ్ల కింద మా టీములోనే ఉండేవాడు. రోజూ సిగ్నల్ నిచ్చెనలు ఎక్కీ దిగీ కాళ్లు కట్టెల్లా సన్నబడ్డాయి. పెద్దబాపు ఆ పిక్క మీద దెబ్బ కొట్టి చూసి, "ఏముంది దీంట్ల? తోలూ బొక్కనే," అన్నాడు. మలక్‌పేట కాంట్రాక్టరు అడిగితే, "తీస్కపో, నీ గుర్రాల దాణా వెట్టి లావు చెయ్యి," అని ఉత్తగా ఇచ్చేశాడు. ఇప్పుడు అదే మనిషిని, అదీ ఆఖరి ఆటకు ముందు, అదే కాంట్రాక్టరు దగ్గర అడగాలి. కాంట్రాక్టరు ఎందుకిస్తాడు? అయినా ఒప్పుకున్నాడు, ఆఖరి ఆటకు వాళ్ల దగ్గర ఇంకో ఫార్వర్డ్ ఉన్నాడు. పైగా మా కొట్టంలో నల్లముత్యాన్ని చూసి పోయాడు. ఇస్తే అదే కావాలన్నాడు.

అప్పటికి కొట్టంలో మూడే బర్లు. ఆయనది ఒకటి, అమ్మవి రెండు. ఆ సాయంత్రం పెద్దబాపు మా గది ముందు నిలబడ్డాడు. అమ్మ తలుపు చాటున. నేను ఇద్దరి మధ్య, పుస్తకం పట్టుకుని. ఎనిమిదో జమాత్‌లో ఉన్నాను.

"షీల్డు గెలిచినంక ఒకదానికి రెండు కట్టేస్త," అన్నాడు.

"షీల్డు గెలిస్తే ఏమొస్తది బావా?" అంది అమ్మ.

"షీల్డొస్తది."

"అది పాలిస్తదా?"

ఆయన గడ్డిపోచ తీసి పారేశాడు. "ఆడు అందరి ముంగట నీళ్ల పాలన్నడు," అన్నాడు, చాలా మెల్లగా. "నాలుగేండ్లాయె. ఇంక గా మాటే ఇనవడ్తది."

అమ్మ కాదనలేకపోయింది. పన్నెండు మంది తినే ఇంట్లో తన అన్నం, తన బిడ్డ అన్నం ఎవరి చేతిదో ఆమెకు తెలుసు. నేను మాత్రం, "మరి నా బడి?" అన్నాను. ఎవరూ వినలేదని అనుకోను. విన్నారు.

నల్లముత్యం మలక్‌పేటకు పోయింది. దీపాలాయన వచ్చాడు. వాకిట్లో నిలబడి సంగతంతా విని, నోరు తెరిచాడు.

"నా కోసం బర్రెనిచ్చిన్రా సేఠ్? ఎందుకు? మా ఇల్లు ఈ వెనక గల్లీలనే. ఒక్క మాట పిలిస్తే ఉత్తగనే వచ్చేటోన్ని కద!"

పెద్దమ్మ లోపల చేటను నేలకేసి కొట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఆట జుమ్మా మధ్యాహ్నం. మైదానం పక్కన మేము పాలు పోసే ఇల్లొకటి ఉంది. వాళ్ల మిద్దె మీద నుంచి పెద్దమ్మా నేనూ చూశాం. ఉస్తాద్ లేడు కాబట్టి ఎవడు ఎక్కడ ఆడాలో ఎవడికీ తెలియదు. పెద్దబాపు గోలు వెనకాల నుంచి, "ఉరుకు, ఉరుకు," అనడం ఒక్కటే నేర్పు. మొదటి సగంలో ఏమీ లేదు. రెండో సగంలో దీపాలాయన ఆ బొక్క కాళ్లతో ఇద్దర్ని దాటి బంతిని మూలకు నెట్టాడు. గోలు. పెద్దబాపు రెండు చెప్పులూ గాల్లోకి పోయాయి.

ఆట ఆలస్యంగా మొదలైంది. పొద్దు వాలుతోంది. దీపాలాయన ఆకాశం వైపు చూశాడు, మళ్లీ చూశాడు. ఉన్నట్టుండి గీత దాటి, మైదానం దాటి, స్టేషన్ వైపు పరుగు తీశాడు. సిగ్నళ్లకు దీపాలు పెట్టే వేళయింది. ఆరింటి రైలు ఎవరి ఫైనల్ కోసమూ ఆగదు.

"ఏయ్! ఏడికి వోతున్నవ్ రా!" అని పెద్దబాపు కొంత దూరం వెంటపడి, తిరిగొచ్చి, మైదానమంతా వినపడేట్టు అరిచాడు. "ఒక్కడు తక్కువైండు! ఒక్కడు తక్కువైండు!"

నాలుగేళ్లలో ఆ మాట నిజమైంది ఆనాడు ఒక్కనాడే. పది మందితోనే చివరి దాకా ఆపారు. ఆపింది బర్లకు వచ్చినవాళ్లు కూడా కాదు, మొదటి నుంచీ ఉన్న పాలవాళ్ల కొడుకులు. మూడో ఉస్తాద్ ఎనిమిది నెలలు నిలబెట్టి నేర్పిన చోట్లలోకి వాళ్లే చేరుకున్నారు. ఒక్క గోలుతో గెలిచారు.

షీల్డును కొట్టంలో, మూడో బర్రె కట్టేసే చోట, గోడకు రెండు మేకులు కొట్టి తగిలించాడు. మర్నాడు బడి బండి వచ్చింది. ఆయా వాకిట్లో, "బేటీ, చలో," అని పిలిచింది. నెల ఫీజు కట్టలేదు. అమ్మ బయటికొచ్చి, ఇక రాదని చెప్పింది. పెద్దబాపు చింతపండుతో షీల్డు తోముతున్నాడు. ఎడ్ల గంటలు గల్లీ మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు. తర్వాత, "షీల్డు గెలిస్తిమి కద బిడ్డా, ఇగ ఫికర్ లేదు," అన్నాడు. ఏడాది తిరిగేసరికి షీల్డు వెనక్కి ఇవ్వాలని కబురొచ్చింది. అది చేతులు మారే షీల్డు. ఎవరు గెలిచినా ఏడాదే. ఆ సంగతి ఆయనకు ముందు నుంచీ తెలుసట. అమ్మకు చెప్పలేదు.

ఫసలీ 1355 ఎండాకాలం, ఆయన దగ్గుతో మంచం పట్టాడు. కొట్టంలోనే పడుకుంటానన్నాడు. మంచం రెండు మేకుల కింద వేశాం. ఒక మధ్యాహ్నం మందు పోస్తుంటే అడిగాడు.

"అందరంటరు, నేను ఇల్లు ముంచిన అని. ఏం ముంచిన్నే? ఒక్క పైస వెట్టిన్నా?"

చెప్పాను. మొదటి జుమ్మా నుంచి చెప్పాను. ఏ బర్రె ఎవరికి పోయింది, దాని ఈడు, అది పూటకు ఎన్ని శేర్లు ఇచ్చేది, శేరు ధర ఎంత, ఎవరి రుఖ్సత్‌కు ఏది అమ్మాడు, శాలువా ఎక్కడ కొన్నాడు. ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు. ఒక్క చోట దిద్దాడు. ఆ గోల్‌కీపర్ బర్రె పూటకు మూడు శేర్లు కాదు, మూడుంబావు. నేను దిద్దుకున్నాను.

"గింత లెక్క ఏడ నేర్సినవ్ బిడ్డా?"

"నువ్వు మాన్పించిన బడిల."

మేకుల వంక చూశాడు. తర్వాత పెదవి కొంచెం వంకరైంది.

"నయమే. పది దాంక సదివితే ఇంకెన్ని దొరకవడ్తుండెనో."

నవ్వలేదు నేను. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఆయన చెయ్యి చాచి, పిక్క మీద కొట్టినట్టే, నా ముంజేతి మీద అరచేత్తో ఒక దెబ్బ కొట్టాడు. తొమ్మిదో రోజు పోయాడు. అందరూ పోగయ్యారు. మందమైన శాలువా కప్పుకుని మొదటి ఉస్తాద్ కూడా వచ్చాడు. దీపాలాయన వేళ చూసుకుని, దీపాలు పెట్టి వచ్చాడు.

మనవడు అడిగాడు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

పోయినవి: పాలిచ్చే బర్లు ఏడు. అయిదు ఆటగాళ్లకు, రెండు ఉస్తాదులకు. రుఖ్సత్‌లు నాలుగు, మూడువందల అరవై హాలీ రూపాయలు. అందులో రెండు బర్ల డబ్బు పోగా నూటనలభై బాకీ. అది అమ్మ, మిగిలిన బర్రె పాలతో, మూడేళ్లు తీర్చింది. చెప్పులు మూడు. నా చదువు, రెండేళ్ల ఆరు నెలలు.

మనిషి, ఒక్కడు.